ప్యానెల్‌కి నేరుగా తగిలిస్తే నికెల్ సెల్లు కాలిపోతున్నాయి, తప్పెక్కడ?

నీలిగోడ | శనివారం, సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా ఒక పని చేస్తున్నాను. అది తప్పేమోనని ఈరోజే అనుమానం వచ్చింది.

నా దగ్గర 6 వోల్టులు, 6 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంది. టార్చిలోకీ చిన్న రేడియోలోకీ డబుల్ ఏ సెల్లు వాడతాను. నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం, మీద 2000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటలు, అంటే సెల్ సామర్థ్యం) అని రాసి ఉంది. రెండింటిని ఒకదాని వెనక ఒకటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మధ్యలో ఒక డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) వేసి, ప్యానెల్ వీపుకే డబ్బాని టేపుతో అంటించేశాను. పొద్దున ఎండలో పెట్టి వెళ్తాను, సాయంత్రం వచ్చి తీసుకుంటాను. మొదటి నెల బ్రహ్మాండంగా నడిచింది.

ఈరోజు సెలవు కదా అని మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్లి చూశాను. సెల్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. ఒకదాని ప్లస్ వైపు అంచు చుట్టూ ఉప్పు పేరినట్టు తెల్లగా ఉంది, పైన ప్లాస్టిక్ తొడుగు ముడుచుకుపోయింది. ఇదివరకు రెండు రాత్రులు వచ్చే టార్చి ఇప్పుడు నలభై నిమిషాలకే ఎర్రబడిపోతోంది.

నా అనుమానం: 6 వోల్టుల ప్యానెల్‌ని 2.4 వోల్టుల సెల్లకి తగిలించడమే తప్పా? వోల్టేజిని 5 దగ్గర నిలిపే 7805 రెగ్యులేటర్ పెడితే సరిపోతుందా?

తీరికలేదు | శనివారం, సాయంత్రం 6:52

ఇందులో అంత ఆలోచించేదేముంది? టీపీ4056 అనే ఛార్జింగ్ బోర్డు పెట్టండి. నిండగానే అదే ఆపేస్తుంది. నేను పాత ఫోన్ బ్యాటరీలకి అదే వాడుతున్నా, ఏళ్లుగా.

టంకం | శనివారం, రాత్రి 7:15

తీరికలేదు గారూ, ఆ బోర్డు లిథియం కోసం. సెల్ 4.2 వోల్టులకి చేరిందా లేదా అన్నదే దాని లెక్క. ఇక్కడ వరసలో ఉన్నవి రెండు నికెల్ సెల్లు. పూర్తిగా నిండి, ఇంకా ఛార్జింగ్‌లోనే ఉన్నా రెండూ కలిపి 3 వోల్టుల దగ్గరే ఆగుతాయి. 4.2 ఎప్పటికీ రాదు, బోర్డు ఎప్పటికీ ఆపదు. ఆపుతుందని మనం నిశ్చింతగా ఉంటాం, అదింకా ప్రమాదం.

నీలిగోడ గారూ, 7805 కూడా వద్దు. అది సరిగ్గా పనిచేయాలంటే లోపలికి కనీసం 7 వోల్టులు కావాలి, మీ ప్యానెల్ అంత ఇవ్వదు. అసలు మీ సమస్య వోల్టేజి కానే కాదు. ఆ తెల్లటిది ఒట్టి చేత్తో ముట్టుకోకండి. మిగతాది పాతరేడియో గారు వచ్చి చెబుతారు, నాకంటే ఓపిగ్గా.

పాతరేడియో | శనివారం, రాత్రి 9:05

వచ్చాను.

ముందు ఆ సెల్ సంగతి. తెల్లగా పేరుకున్నది లోపలి ద్రవం బయటికి కారి గాలికి ఎండినది. లోపల ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్, గట్టి క్షారం. చర్మం మీద పడితే మండుతుంది, కంట్లో పడితే ఇంకా కష్టం. గ్లవుజులు వేసుకుని తడిగుడ్డతో డబ్బాని, స్ప్రింగులని తుడిచేయండి. సెల్‌ని విడిగా పెట్టండి.

ఇక కారణం. సోలార్ ప్యానెల్‌ని మనం గోడకున్న ప్లగ్గులా ఊహించుకుంటాం, "6 వోల్టులు అంటే 6 వోల్టులు ఇస్తుంది" అని. అది అలా పనిచేయదు. పడిన వెలుగుని బట్టి ఇంత కరెంటు అని తోస్తుంది. వోల్టేజి మాత్రం అవతల మీరేం తగిలిస్తే దాని స్థాయికి దిగిపోతుంది. నమ్మకం లేకపోతే రేపు మల్టీమీటర్ పెట్టి చూడండి. సెల్లు తగిలించి ఉండగా ప్యానెల్ రెండు కొసల మధ్య 6 ఉండదు, మూడున్నర లోపే ఉంటుంది. అంటే 6 వోల్టులు సెల్లని కొట్టడం లేదు. కొడుతున్నది 1 ఆంపియర్. ఆరు వాట్లని ఆరు వోల్టులతో భాగించండి, అదే వస్తుంది.

2000 ఎంఏహెచ్ సెల్‌కి 1 ఆంపియర్ అంటే సామర్థ్యంలో సగం. ఆ వేగంతో ఛార్జ్ చేయడం తప్పు కాదు, బజారులో దొరికే తెలివైన ఛార్జర్లు కూడా చేస్తాయి. కాకపోతే అవి నిండిన క్షణాన్ని పసిగట్టి ఆపుతాయి. మీ దగ్గర ఆపేవాడు సూర్యుడొక్కడే, ఆయన సాయంత్రం దాకా ఆపడు.

నిండిన తరువాత కూడా కరెంటు తోస్తూ ఉంటే ఏమవుతుందంటే, ప్లస్ పలక దగ్గర ఆక్సిజన్ పుడుతుంది. అది లోపలే ప్రయాణించి మైనస్ పలక దగ్గర కలిసిపోతుంది. నికెల్ సెల్‌కి ఉన్న మంచి గుణం అదే, కొద్దిపాటి అతిఛార్జిని ఇలా దిగమింగుకుంటుంది. కానీ ఆ కలిసిపోవడంలో ఇచ్చిన కరెంటంతా వేడిగా మారుతుంది. 1 ఆంపియర్, ఒకటిన్నర వోల్టు, అంటే ఒక్కో సెల్‌లో ఒకటిన్నర వాట్ల వేడి, గాలాడని డబ్బాలో, ఎండకి కాగిన ప్యానెల్ వీపుకి అంటుకుని! ఆక్సిజన్ పుట్టే వేగం కలిసే వేగాన్ని దాటితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, ప్లస్ మూత కింద ఉండే చిన్న కవాటం తెరుచుకుంటుంది, ద్రవం ఆవిరై పోతుంది. మళ్లీ లోపలికి రాదు. మీ టార్చి నలభై నిమిషాలకి వచ్చింది అందుకే.

లెక్కలపిచ్చి | శనివారం, రాత్రి 9:31

చేతులు ఊరుకోవట్లేదు, లెక్క వేసేశా. పూర్తిగా ఖాళీ అయిన సెల్‌కి 1 ఆంపియర్ మీద రెండు గంటల పైచిలుకు చాలు. పొద్దున తొమ్మిదికి పెడితే పన్నెండు కాకముందే నిండిపోయింది. అక్కడినుంచి నాలుగింటి దాకా వచ్చినదంతా పాతరేడియో గారు చెప్పిన వేడే. సగం ఖాళీ అయిన సెల్‌ని పెట్టిన రోజైతే పదిన్నరకే పూర్తి. ఇలా అరవై రోజులు. రెండో సెల్ ఇంకా బతికుందంటే దాని ఆయుష్షు గట్టిది.

నీలిగోడ | ఆదివారం, ఉదయం 8:10

అయ్యబాబోయ్. నేను పెద్ద ప్యానెల్ ఉంటే మంచిదే కదా అనుకున్నాను.

మీటర్ పెట్టి చూశాను పాతరేడియో గారూ, మీరన్నట్టే 3.3 చూపిస్తోంది. తీగ తీసేస్తే 7.1. చాలా వింతగా ఉంది. (బాగున్న రెండు సెల్లు పెట్టి ఒక్క నిమిషం చూసి తీసేశాను, భయపడకండి.)

ఇంకో మాట. నా దగ్గర యూఎస్‌బీతో పనిచేసే నాలుగు గదుల నికెల్ ఛార్జర్ ఉంది, నిండితే పచ్చ దీపం వెలుగుతుంది. సోలార్ ఫోన్ ఛార్జర్ ప్యానెల్‌కి యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది కదా, దానికి ఇది తగిలిస్తే? అప్పుడు ఆపేవాడు ఉన్నట్టేగా?

టంకం | ఆదివారం, ఉదయం 8:44

నేను సరిగ్గా ఇదే చేసి మూడు వారాలు తల పట్టుకున్నాను. మబ్బు లేని రోజు బాగానే ఉంటుంది. మబ్బు వచ్చిన రోజు మొదలవుతుంది కథ.

ఈ ఛార్జర్లు నిండడాన్ని ఎలా కనిపెడతాయో తెలిస్తే అర్థమవుతుంది. నికెల్ సెల్ ఛార్జ్ అవుతుంటే వోల్టేజి మెల్లగా ఎక్కుతూ పోతుంది. నిండగానే వేడెక్కడం మొదలై, ఆ వేడికి వోల్టేజి చిటికెడు కిందికి దిగుతుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్‌లో ఆ దిగుడు ఒక్కో సెల్‌కి 5 నుంచి 10 మిల్లీవోల్టులు, అంతే. ఛార్జర్ కాపలా కాసేది ఆ చిన్న దిగుడు కోసమే. ఇప్పుడు ప్యానెల్ మీదికి ఒక మబ్బు తునక వచ్చిందనుకోండి. కరెంటు తగ్గుతుంది, సెల్ వోల్టేజి 5 ఏంటి, 50 మిల్లీవోల్టులు దిగుతుంది. ఛార్జర్ "నిండిపోయింది" అనేస్తుంది. ఉత్త సెల్‌కి పచ్చ దీపం.

ఇది ఒక రకం. రెండో రకం ఇంకా చెడ్డది. మబ్బు కాస్త దట్టంగా ఉంటే ఛార్జర్‌కి అందే 5 వోల్టులు కుప్పకూలి, అది ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. మొదలైన ప్రతిసారీ దానికి అంతా కొత్త. అప్పటికే నిండిన సెల్‌ని కూడా మొదటినుంచీ చూడాల్సిందే, లోపలి గంటల లెక్క సున్నా నుంచే. మబ్బులు ఆడుతున్న రోజు ఒక గంట కూర్చుని లెక్కపెట్టాను, ఎర్ర దీపం పదకొండుసార్లు ఆరి వెలిగింది.

నిదానంగా ఛార్జ్ చేస్తే ఈ చిక్కు లేదా అంటే, అప్పుడు ఇంకో చిక్కు. కరెంటు తక్కువైతే నిండినప్పుడు ఆ దిగుడే సరిగ్గా రాదు. కాబట్టి ఛార్జర్ కనిపెట్టనే లేదు.

మేడమీద | ఆదివారం, ఉదయం 10:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది తలకిందులు సమస్య. నాది 6 వోల్టుల ప్యానెలే కానీ 1 వాట్ది. నాలుగు సెల్లు వరసగా, 1ఎన్4007 డయోడ్. అస్సలు నిండవు. విచిత్రం ఏంటంటే మీటర్ పెట్టి చూస్తే పొద్దున ఎనిమిదిన్నరకి 70 మిల్లీ ఆంపియర్లు చూపించింది, మిట్ట మధ్యాహ్నం నెత్తి మాడే ఎండలో 4. నాలుగు! తీగ ఊడిందేమోనని మూడుసార్లు చూశాను. ఎండ పెరిగితే కరెంటు పెరగాలి కదా?

లెక్కలపిచ్చి | ఆదివారం, ఉదయం 10:58

ఆహా, ఇది నా ప్రశ్న. ఎవరూ ముట్టుకోకండి.

6 వోల్టుల ప్యానెల్ అంటే లోపల 12 చిన్న సిలికాన్ ముక్కలు వరసగా ఉంటాయి. పని చేస్తున్నప్పుడు ఒక్కోటి సుమారు అర వోల్టు, ఏమీ తగిలించనప్పుడు సుమారు 0.6. అంటే చల్లగా ఉన్నప్పుడు ఖాళీ వోల్టేజి 7.2. నీలిగోడ గారికి 7.1 వచ్చింది చూడండి.

ఇప్పుడు వేడి. సిలికాన్ ముక్క ఒక్కో డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు పోగొట్టుకుంటుంది. ఈ అంకెలన్నీ రాసేది 25 డిగ్రీల దగ్గర. మధ్యాహ్నం ఎండలో పలక 65 డిగ్రీలకి సులువుగా చేరుతుంది. 40 డిగ్రీల తేడా, 12 ముక్కలు, 2 మిల్లీవోల్టులు: 0.96. దాదాపు ఒక వోల్టు గల్లంతు. ఖాళీ వోల్టేజే 6.2కి వచ్చేసింది.

మీ సెల్లకి ఎంత కావాలి? ఛార్జ్ అవుతున్నప్పుడు ఒక్కోటి 1.4 నుంచి 1.45. నాలుగింటికి 5.6 నుంచి 5.8. పైన 1ఎన్4007 ఇంత చిన్న కరెంటుకి కూడా 0.6 దాకా మింగుతుంది. మొత్తం 6.2 నుంచి 6.4. అంటే మధ్యాహ్నం మీ ప్యానెల్ పూర్తి బలం పెట్టినా గడప దాటలేకపోతోంది. పొద్దున వెలుగు తక్కువైనా పలక చల్లగా ఉంది, అందుకే 70 వచ్చింది.

తీగలు ఊడలేదు. ఎండే ఎక్కువైంది.

పాతరేడియో | ఆదివారం, ఉదయం 11:30

లెక్క సరిగ్గా చెప్పారు. మేడమీద గారూ, డయోడ్ మార్చి 1ఎన్5817 లాంటి షాట్కీ డయోడ్ వేయండి, దానిలో పోయేది 0.2, 0.3 మాత్రమే. కానీ నాలుగు సెల్లతో అది కూడా అంచు మీద నడకే. నాలుగు బదులు మూడు పెట్టండి. మూడింటికి 4.4, డయోడ్‌కి 0.3, మొత్తం 4.7. కాగిన ప్యానెల్ కూడా 5 వోల్టుల దగ్గర పూర్తి కరెంటు ఇవ్వగలదు. నాలుగు ఒకేసారి కావాలంటే 9 వోల్టుల ప్యానెల్ తీసుకోండి.

డయోడ్ తీసేద్దామని మాత్రం అనుకోకండి. రాత్రి ప్యానెల్ సెల్లలోంచి కరెంటు వెనక్కి లాగుతుంది. కొంచెమే, కానీ రాత్రంతా.

మేడమీద | ఆదివారం, మధ్యాహ్నం 1:15

మూడు పెట్టాను. పాత డయోడ్‌తోనే 120 చూపిస్తోంది, ఇదే మధ్యాహ్నం! ఒక సెల్ తీసేస్తే కరెంటు ముప్పై రెట్లు పెరిగింది. నవ్వు ఆగట్లేదు.

తీరికలేదు | ఆదివారం, మధ్యాహ్నం 1:40

సరే, టీపీ4056 మాట వెనక్కి తీసుకుంటున్నా. నీలిగోడ గారికి ఇంకో సలహా. కరెంటే ఎక్కువైంది అంటున్నారు కదా, ప్యానెల్ మీద సగానికి అట్టముక్క కప్పేస్తే సరి. ఖర్చు లేదు, సోల్డరింగ్ లేదు.

టంకం | ఆదివారం, మధ్యాహ్నం 1:58

ఆలోచన బాగానే ఉంది కానీ ముక్కలన్నీ వరసలో ఉన్నాయి. సగం కప్పడమంటే ఆరు ముక్కలని పూర్తిగా మూసేయడం. మూసిన ముక్క కరెంటుని దాదాపు ఆపేస్తుంది, మిగతా ఆరు ఎంత ఎండలో ఉన్నా. సగానికి సగం రాదు, చివరికి దాదాపు సున్నా. ప్రతి ముక్కలోనూ సగం మూసేలా అడ్డంగా కప్పితే సగం వస్తుంది. ముక్కలు ఎటు పేర్చారో చూసి చేయాలి.

దీనికి నా దగ్గర ఒక సాక్ష్యం కూడా ఉంది. ఒకసారి పది రోజులు కరెంటు ఎందుకు తగ్గిందో తెలియలేదు. చూస్తే పొద్దున పదింటినుంచి బట్టల తీగ నీడ, వేలెడంత వెడల్పు, సరిగ్గా ఒక ముక్క మీద పొడవునా పడుతోంది. ప్యానెల్‌ని జానెడు పక్కకి జరిపాను.

చిన్నదీపం | ఆదివారం, మధ్యాహ్నం 3:05

అమ్మయ్య, తెలిసినవాళ్లు దొరికారు. తోటలో గుచ్చే సోలార్ దీపాలు నా దగ్గర ఎనిమిది ఉన్నాయి. లోపల 1.2 వోల్టుల చిన్న నికెల్ సెల్ ఒకటే ఉంటుంది, 600 ఎంఏహెచ్. రాత్రి పదింటికే ఆరిపోతున్నాయని రెండిట్లో 2000 ఎంఏహెచ్‌వి పెట్టాను, తెల్లారేదాకా వెలుగుతాయని. ఏం తేడా లేదు. పైగా మొదటి వారం అసలు వెలగనే లేదు. మోసపోయానా?

పాతరేడియో | ఆదివారం, సాయంత్రం 4:20

మోసం కాదమ్మా. కుండ పెద్దది పెట్టారు, పోసే నీళ్లు అవే. దీపం నెత్తిమీద ఉన్న ఆ చిన్న పలక మంచి ఎండలో కూడా కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. రోజంతా చూసినా రెండు వందల ఎంఏహెచ్ చుట్టుపక్కల. రాత్రి వెలిగేది ఆ పూట సంపాదనతోనే. కొత్త సెల్ దాదాపు ఖాళీగా వచ్చి ఉంటుంది, దాంతో మొదటి వారం తడబడింది.

చేయాల్సింది ఒకటే. పలక మీద ప్లాస్టిక్ మసకబారి ఉంటే శుభ్రంగా తుడవండి. మరీ పసుపు తిరిగితే ఆ పూత తీసేయొచ్చు కూడా. పాత సెల్ ముసలిదైతే అంతే సామర్థ్యమున్న కొత్తది వేయండి. అలాగే ఒట్టి ఆల్కలైన్ సెల్ మాత్రం ఎప్పుడూ పెట్టకండి, దాన్ని ఛార్జ్ చేస్తే కారుతుంది.

టంకం | ఆదివారం, సాయంత్రం 4:41

ఆ దీపాలని తక్కువ అంచనా వేయకండి. లోపల నాలుగు కాళ్ల చిప్ ఒకటి ఉంటుంది, వైఎక్స్8018 లేదా క్యూఎక్స్5252. ఒక చిన్న కాయిల్‌తో కలిసి 1.2 వోల్టులని ఎల్ఈడీకి కావాల్సిన 3 వోల్టులకి ఎత్తుతుంది. చీకటి పడిందని తెలుసుకోవడానికి వేరే సెన్సర్ కూడా లేదు, ప్యానెల్ వోల్టేజి పడిపోతే అదే చీకటి. నాకు తెలిసి నికెల్ సెల్‌ని సోలార్‌తో ఇంత సింపుల్‌గా నడిపిన వస్తువు ఇంకోటి లేదు. ప్యానెల్ చిన్నది కాబట్టి ఆపే సర్క్యూట్ అక్కర్లేదు. నీలిగోడ గారి సమస్యకి జవాబు అక్కడే ఉంది.

లెక్కలపిచ్చి | ఆదివారం, సాయంత్రం 5:10

సోలార్‌తో నికెల్ అనగానే నాకు గుర్తొచ్చేది తోట దీపం కాదు, హబుల్ టెలిస్కోపు. 1990లో పైకి వెళ్లినప్పుడు దానిలో ఉన్నవి ఆరు నికెల్ హైడ్రోజన్ బ్యాటరీలు. భూమి చుట్టూ దాదాపు గంటన్నరకోసారి తిరుగుతుంది, ప్రతి చుట్టులోనూ అరగంట పైన చీకటి. అలా రోజుకి పదిహేనుసార్లు ఖాళీ అవుతూ నిండుతూ, 2009లో వ్యోమగాములు వెళ్లి మార్చేదాకా 19 ఏళ్లు నడిచాయి. అక్కడ మబ్బులు లేవు, అదీ సంగతి.

తీరికలేదు | ఆదివారం, సాయంత్రం 5:22

మరి మెమరీ ఎఫెక్ట్? పూర్తిగా ఖాళీ చేయకుండా ఛార్జ్ చేస్తే పాడవుతాయంటారుగా.

పాతరేడియో | ఆదివారం, సాయంత్రం 5:50

అది పాత నికెల్ కాడ్మియం రోజుల మాట, అదీ ప్రతిసారీ ఒకే కొలత దాకా వాడి ఆపితేనే. ఈ కాలపు సెల్లతో దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. "పూర్తిగా ఖాళీ చేయాలి" అన్న మాట నమ్మి టార్చిని ఆరిపోయాక కూడా రాత్రంతా ఆన్‌లో వదిలేవాళ్లున్నారు. అప్పుడు వరసలో బలహీనమైన సెల్ ముందు సున్నాకి పడుతుంది, మిగతావి దాన్ని తిరగేసి (ప్లస్, మైనస్ తారుమారయ్యేలా) తొక్కుతాయి. మెమరీ కంటే అదే ఎక్కువ సెల్లని చంపింది.

నీలిగోడ | ఆదివారం, రాత్రి 8:30

చాలా నేర్చుకున్నాను. ఇప్పుడు సూటిగా అడుగుతాను. ఉన్న 6 వాట్ల ప్యానెల్ పారేసి 1 వాట్ది కొనాలా? లేక దీంతోనే ఏదైనా చేయొచ్చా?

పాతరేడియో | ఆదివారం, రాత్రి 9:40

పారేయకండి. నిజానికి 1 వాట్ ప్యానెల్ కంటే మీదే మంచిది, ఎలాగో చెబుతాను.

నికెల్ సెల్‌కి నిండిందో లేదో చూడకుండా సురక్షితంగా ఇవ్వదగ్గ కరెంటు సామర్థ్యంలో పదో వంతు. 2000కి 200 మిల్లీ ఆంపియర్లు. తయారీదారులు సెల్ సామర్థ్యం కొలిచేటప్పుడు వాడే పద్ధతి కూడా అదే, పదో వంతు మీద 16 గంటలు. పెట్టినదంతా లోపల నిలవదు కాబట్టి 10 గంటలు కాదు, 16. ఆ వేగంలో కొంచెం ఎక్కువ సేపైనా పుట్టే ఆక్సిజన్‌ని సెల్ అరాయించుకుంటుంది. అలాగని వారాల తరబడి వదిలేయొద్దు. నికెల్ కాడ్మియం అయితే ఓర్చుకునేది, మెటల్ హైడ్రైడ్‌కి అంత ఓర్పు లేదు.

మీ ప్యానెల్‌కీ సెల్లకీ మధ్య ఒక రెసిస్టర్ పెట్టండి. 18 ఓములు, 2 వాట్లది. డయోడ్ ఎలాగూ ఉంది, షాట్కీ అయితే మంచిది. ప్యానెల్ 1 ఆంపియర్ ఇవ్వగలిగినా రెసిస్టర్ అంత పోనివ్వదు, ప్యానెల్ వోల్టేజి పైకి, ఆరున్నర, ఏడు దగ్గరికి వెళ్లి కూర్చుంటుంది. 6.8 అనుకుంటే, డయోడ్‌కి 0.3, సెల్లకి 2.9, మిగిలిన 3.6 వోల్టులు రెసిస్టర్ మీద. 3.6ని 18తో భాగిస్తే 200 మిల్లీ ఆంపియర్లు. పలక బాగా కాగిపోయి 6.1కి దిగినా 160 వస్తుంది.

అసలు లాభం ఇక్కడుంది. మీ ప్యానెల్‌కి 1 ఆంపియర్ తాహతు ఉంది, మనం అడిగేది 0.2. పల్చటి మబ్బు వచ్చి వెలుగు మూడో వంతుకి పడిపోయినా మనకి కావాల్సింది దొరుకుతూనే ఉంటుంది. అదే 1 వాట్ ప్యానెల్ అయితే 160 నుంచి 50కి పడిపోయేది, ఎన్ని గంటలు ఎంత ఎక్కిందో చెప్పలేం. కరెంటు నిలకడగా ఉంటే గడియారం చూసి తీసేయొచ్చు. పొద్దున ఎనిమిదినుంచి నాలుగు దాకా, రెండు రోజులు. అంతే.

రెసిస్టర్ మీద ముప్పాతిక వాట్ వేడి పుడుతుంది, దాన్ని సెల్లకి దూరంగా పెట్టండి. అన్నిటికంటే ముందు ఆ టేపు ఊడదీసి సెల్లని నీడలోకి తీసుకురండి. తీగ మీటరు పొడవు పెంచితే పోయేదేం లేదు. 40, 45 డిగ్రీలు దాటితే నికెల్ సెల్ ఛార్జిని సరిగ్గా పట్టుకోదు, ఇచ్చింది వేడిగా పోతుంది.

టంకం | ఆదివారం, రాత్రి 10:05

12 వోల్టుల ప్యానెల్ ఉన్నవాళ్లు రెసిస్టర్ బదులు ఎల్ఎం317 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ వాడొచ్చు. అవుట్‌పుట్ కాలికీ అడ్జస్ట్ కాలికీ మధ్య 6.2 ఓములు పెట్టి, అడ్జస్ట్ కాలి వైపు నుంచి సెల్లకి ఇస్తే కచ్చితంగా 200 మిల్లీ ఆంపియర్లు. 1.25ని ఓములతో భాగించడమే లెక్క. దానికి తన కోసం సుమారు 3 వోల్టులు కావాలి, అందుకే 6 వోల్టుల ప్యానెల్‌తో పనికిరాదు. నాలుగు సెల్లకి వాడితే 2 వాట్ల దాకా వేడి, దాన్ని చల్లబరిచే అల్యూమినియం రెక్క తప్పనిసరి.

నేను మాత్రం ఇప్పుడు అవేవీ చేయట్లేదు. పగలు ప్యానెల్ పవర్‌బ్యాంక్‌ని నింపుతుంది. మబ్బులొచ్చినా లిథియంకి ఏ అభ్యంతరం లేదు, అది చూసేది వోల్టేజినే. రాత్రి ఆ పవర్‌బ్యాంక్‌కి నికెల్ ఛార్జర్ తగిలిస్తాను. కరెంటు నిలకడగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, పచ్చ దీపం నిజమే చెబుతుంది. మధ్యలో కొంత శక్తి వృథా. ఎండ ఉచితమే కదా, పోనీ. ఒక్క సంగతి, చివర్లో కరెంటు బాగా తగ్గితే కొన్ని పవర్‌బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని ఆగిపోతాయి.

మేడమీద | సోమవారం, ఉదయం 7:20

నా మూడు సెల్లనీ పక్కపక్కన, ప్లస్‌లన్నీ ఒకటిగా, మైనస్‌లన్నీ ఒకటిగా కలిపితే ఇంకా తేలికేమో?

పాతరేడియో | సోమవారం, ఉదయం 7:45

నికెల్‌తో వద్దు. ముందు నిండిన సెల్ వేడెక్కి వోల్టేజి దిగుతుంది. దిగగానే పక్కవాటి వాటా కూడా అదే లాక్కుంటుంది, ఇంకా వేడెక్కుతుంది. వరసగానే ఉంచండి.

నీలిగోడ | గురువారం, సాయంత్రం 5:30

పెట్టాను! 18 ఓముల రెసిస్టర్, 1ఎన్5819 డయోడ్, మీటరున్నర తీగ. ప్యానెల్ మెట్ల పక్కన గోడ మీద, సెల్లు కిటికీ లోపల నీడలో. మంగళవారం తొమ్మిదింటికి 195 చూపించింది, రెండింటికి 165, మబ్బు పట్టినప్పుడు 150. బుధవారం సాయంత్రం తీసేశాను. సెల్లని పట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేవు. నిజంగా ఎక్కాయా అని అనుమానం వచ్చి మీటర్ పెడితే ఒక్కోటి 1.41.

తెలిసినవాళ్ల దగ్గర సామర్థ్యం కొలిచే ఛార్జర్ ఉంటే నాలుగు సెల్లూ ఇచ్చి కొలిపించాను. వాడకుండా ఉన్న రెండు: 1930, 1910. పాత జతలో కారనిది 1240. తెల్లగా పేరుకున్నది 310. ఆ 1240ని ఏం చేయను?

పాతరేడియో | గురువారం, రాత్రి 8:15

310ని బ్యాటరీలు తిరిగి తీసుకునే చోట ఇచ్చేయండి, కొసలకి టేపు అంటించి. 1240ని మంచివాటితో జత కట్టకండి, అదే ముందు ఖాళీ అయి తిరగబడుతుంది. ఒక్క సెల్‌తో నడిచే గోడ గడియారం ఉంటే దానిలో వేయండి.

చిన్నదీపం | గురువారం, రాత్రి 8:50

దీపాల పలకలు తుడిచాను. ఒకదాని మీద మట్టి గోరుతో గీకాల్సి వచ్చింది. అది నిన్న పదకొండున్నర దాకా వెలిగింది. మిగతా ఏడూ రేపు.